ఇరవై నాలుగు కిలోమీటర్ల సీమంతం

జూలై పదకొండో తేదీ, గురువారం. ఆ మధ్యాహ్నం విశ్వపతి మాస్టారు దోసకాయ పప్పు, రెండు ఊరమిరపకాయలు, ఇంగువ తిరగమోత వేసిన చారు, ఆఖర్న కాస్త మజ్జిగా వేసుకుని భోంచేశారు. తేదీ అంత బాగా గుర్తుండటానికి పప్పు రుచి కారణం కాదు. నిజానికి అందులో ఉప్పు ఒక పలుకు ఎక్కువే పడింది. ఎవరికీ చిరునామా చెప్పకుండా ఆయన తిన్న ఆఖరి భోజనం అదే. ఆ సాయంత్రం నాలుగున్నరకి గన్నేరుపాడు పురపాలక సంఘం 'కుటుంబసమేత స్థానికాహార తీర్మానా'న్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. మర్నాటి నుంచి దోసకాయ ఏ పాదుదో, మిరపకాయ ఏ మడిదో, ఇంగువ ఎన్ని దేశాలు దాటి వచ్చిందో రాసిచ్చాకే ముద్ద నోట్లో పెట్టుకోవాలి.

దీనికంతకీ మూలం ఒక బంగాళాదుంప. చైర్మన్ గారు పదకొండు రోజుల అధ్యయన యాత్ర మీద ఒక చలిదేశం వెళ్ళారు. అక్కడ ఎవరో ఆయనకి ఒక ఉడికించిన బంగాళాదుంప పెట్టి, ఇది మా పెరట్లోదే అన్నారట. చైర్మన్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. తిరిగి రాగానే, మనిషన్నవాడు తన నేల పండించినదే తినాలనీ, అదీ కుటుంబమంతా కలిసి కూర్చుని తినాలనీ రెండు గంటల సేపు ఉపన్యసించారు. ఆ సభలో పంచిన జీడిపప్పు పాకం ఎక్కడిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు, తీర్మానం అప్పటికింకా అమల్లోకి రాలేదు గనక.

తన నేల అంటే ఎంతవరకూ? ఇరవై నాలుగు కిలోమీటర్ల వరకూ. పాతికైతే గుర్తుంచుకోవడం తేలిక కదా అని ఒక సభ్యుడు అడిగితే, నిపుణుల సంఘం శాస్త్రీయంగా తేల్చిన అంకెలో వేలు పెట్టరాదని జవాబొచ్చింది. చైర్మన్ గారి అరటితోట ఇరవై మూడున్నరో కిలోమీటరు దగ్గర ఉండటం కేవలం భౌగోళిక విషయం. కొలత ఎక్కడ మొదలవ్వాలో కూడా తీర్మానంలో స్పష్టంగా రాశారు: సమావేశ మందిరంలో చైర్మన్ గారి కుర్చీ దగ్గర.

ఉప్పుమళ్ళు ముప్ఫై ఒకటో కిలోమీటరు దగ్గరున్నాయి. అంచేత ఉప్పు పరాయిదైంది. మొదటి వారం ఊరంతా చప్పిడి తిండి తిని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండో వారానికి ప్రతి ఇంట్లోనూ ఉప్పు ఏదో ఒక మారువేషంలో స్థిరపడింది. మాస్టారి పక్కింటి మంగతాయారు గారు దాన్ని దేవుడి గూట్లో విభూతి డబ్బాలో దాచింది. అధికారులు వచ్చినప్పుడు ఆ డబ్బాకి దణ్ణం పెట్టి వెళ్ళేవారు.

ఆవిడ అంత జాగ్రత్త పడటానికి కారణం ఉంది. ఏ వీధిలో అయితే ప్రతి గడపా స్థానిక గడపగా తేలుతుందో, ఆ వీధికి సిమెంటు మురుగుకాలువ కట్టిస్తామని పురపాలక సంఘం ప్రకటించింది. వాళ్ళ వీధి కాలువ తొమ్మిదేళ్ళుగా నోరు తెరుచుకుని ఉంది. మంగతాయారు గారి ఆయన ఒకసారీ, ఆవిడ రెండుసార్లూ అందులో పడి లేచారు. వీధి సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే.

"మాస్టారూ, ఏం తింటారో తినండి, ఎలా తింటారో తినండి. కాయితం మీద మాత్రం తేడా రానివ్వకండి. కాలవ వచ్చేదాకా మనం గడ్డి మేసినా సరే, ఈ ఊరి గడ్డే మెయ్యాలి," అని గోడ మీంచి హెచ్చరించింది.

తనిఖీకి వచ్చినవాడు స్థానికతాధికారి భుజంగం. అంతకుముందు కుక్కల లైసెన్సుల విభాగంలో ఉండేవాడు. మాస్టారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో ఆయన దగ్గర చదివాడు కూడా.

"రెండేళ్ళు చదివానండి. ఒకటే సంవత్సరం," అని వినయంగా చెప్పి కుర్చీ లాక్కున్నాడు. "కుటుంబ సభ్యులెందరండి?"

"ఒక్కణ్ణే. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అమ్మాయి కర్నూల్లో అత్తారింట ఉంది."

భుజంగం కలం ఆగిపోయింది. "ఒక్కరంటే ఫారం ఒప్పుకోదండి. ఇది కుటుంబసమేత పథకం కదండీ. ఒంటరి మనిషి తింటే అది భోజనం కిందికి రాదు, వినియోగం కిందికి వస్తుంది. వినియోగానికి వేరే విభాగం పెట్టాలి. ఇంకా పెట్టలేదు."

"అయితే తినడం మానెయ్యమంటావా?"

"తినండి. తిన్నట్టు లెక్కకి రాదంతే."

భుజంగం గదంతా చూశాడు. భోజనాల బల్లకి ఎదురుగా గోడ మీద మాస్టారి భార్య కమలిని ఫొటో ఉంది. ఎవరి సీమంతానికో చేసిన ఉయ్యాల ఆకారం కేకు చేత్తో పట్టుకుని, నుదుటి మీద పిండి మరకతో నవ్వుతోంది. అతను వెనక్కి తిరిగి గుమ్మంలో ఎవరూ లేరని చూసుకుని, ఫారంలో 'ఇద్దరు' అని రాశాడు.

"అమ్మగారు భోజనాల గదిలోనే ఉన్నారు కదండీ. హాజరంటే హాజరే."

మాస్టారు ఆ ఫారం మీద సంతకం పెట్టారు. నాలుగేళ్ళలో ఆవిణ్ణి మనుషుల్లో కలిపి లెక్కేసిన ప్రభుత్వోద్యోగి అతనొక్కడే.

కమలిని ఉన్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఏ ఆడపిల్ల సీమంతమైనా కేకు ఆవిడ చేతిదే. గాజులు, పసుపుకుంకాలు, చలిమిడి అన్నీ పెద్దవాళ్ళవి. కేకు మాత్రం కడుపుతో ఉన్న పిల్లది అనేది. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, 'నీకేం తినాలనుందే?' అని అడిగి, పచ్చిమామిడన్న పిల్లకి మామిడి తురుమూ, అల్లమన్న పిల్లకి అల్లం రసమూ వేసేది. అడుగున ఇసుక పరిచిన పెద్ద ఇత్తడి గిన్నెలో, సన్నటి సెగ మీద కాల్చేది. ఆవిడ పోయాక, అదంతా నోటుపుస్తకంలో చూసి మాస్టారు నేర్చుకున్నారు. మొదటి మూడు కేకులూ కాకులు కూడా ముట్టలేదు. నాలుగోదాన్ని వీధి చివర ఒక పిల్ల తిని, 'పిన్నిగారు చేసినట్టే ఉంది బాబాయ్' అంది. అబద్ధమే, కానీ ఆ అబద్ధం మీద ఆయన నాలుగేళ్ళు బతికేశారు.

ఆ కేకు మీద ఆగస్టులో భుజంగం కన్ను పడింది.

"మైదా ఎక్కడిదండి?"

"గోధుమలు ఈ చుట్టుపక్కల పండవు కదా భుజంగం."

"పండనప్పుడు తినకూడదండి. చోడిపిండి, అదే రాగిపిండి, వాడండి. పంచదార బదులు తాటిబెల్లం. వెన్న ఓకే. జాజికాయ వద్దు. సోడా వద్దు. అడుగున ఇసుక... తినేది కాదు గనక మినహాయింపు ఇస్తున్నాను."

"గుడ్లు? సూరీడమ్మ ఇస్తుంది. మూడో వీధే."

"గుడ్డు మూడో వీధిదేనండి. కోడి తిన్న మేత?"

మేత పొరుగు జిల్లా మొక్కజొన్న అని తేలింది. గ్రహపాటు ఏమిటంటే భుజంగానికి ఇలాంటివి తేల్చడంలో నిజంగా ప్రతిభ ఉంది. అతను రాసి పంపిన నివేదిక మీద, తీర్మానానికి పద్నాలుగో నిబంధన చేరింది. 'తల్లి మేసిన మేతను బట్టి గుడ్డు యొక్క స్థానికత నిర్ణయింపబడును. పరాయి మేత మేసిన కోడిని ఇరవై ఒక్క దినములు స్థానిక మేతపై ఉంచి, పిమ్మట స్థానికముగా ప్రకటించవలెను.' పాత కుక్కల షెడ్డులోకి ఊళ్ళో కోళ్ళన్నిటినీ తోలారు.

సూరీడమ్మ షెడ్డు ముందు కూర్చుని శాపనార్థాలు పెట్టింది. "ఇదేం ఖర్మండీ బాబూ! నా కోడి ఈ ఊళ్ళో పుట్టింది, ఈ ఊళ్ళో పెరిగింది, రేపు ఈ ఊరోళ్ళ నోట్లోకే పోద్ది. దానికి జైలేంటండీ?"

"జైలు కాదమ్మా, స్థానికీకరణ," అన్నాడు భుజంగం. "ఇంతకీ పుంజు ఎవరిది?"

సూరీడమ్మ దానికి ఇచ్చిన జవాబు నివేదికలోకి ఎక్కలేదు.

నిబంధనల ప్రకారం చేసిన తొలి కేకు సెప్టెంబరులో ఒక కౌన్సిలర్ గారి కోడలి సీమంతానికి వెళ్ళింది. ఉప్పు లేదు, సోడా లేదు, చోడిపిండీ తాటిబెల్లమూ కలిసి నల్లరాయిలా గడ్డకట్టాయి. ప్లాస్టిక్ కత్తి విరిగింది, కూరలు తరిగే కత్తి వంగింది. చివరికి కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చి పిల్ల అన్నగారు మూడు దెబ్బల్లో చీల్చాడు. ఒక ముక్క ఎగిరిపడి పురోహితుడి నుదురు వాచింది. భుజంగం అక్కడే నిలబడి ధ్రువపత్రం రాశాడు: 'కేకు యొక్క దృఢత్వము స్థానిక నేల స్వభావమునకు అనుగుణముగా ఉన్నది.' ఆ పిల్ల ముక్క చేత్తో పట్టుకుని మాస్టారి వైపు చూసి, అయ్యో పాపం అన్నట్టు నవ్వింది. కడుపుతో ఉన్న పిల్ల తనని ఓదార్చడం చూసి ఆయనకి సిగ్గేసింది.

అక్టోబరులో ఆయన కూతురు నళిని వచ్చింది. ఏడో నెల నిండింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా; అల్లుడు దింపి, రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. పదమూడు గంటల ప్రయాణానికి కాళ్ళు వాచిపోయాయి, రక్తపోటు పెరిగింది. డాక్టరమ్మ చూసి, పురుడయ్యేదాకా ఊరు కదలడానికి వీల్లేదని చీటీ రాసిచ్చింది. సీమంతం వచ్చే శుక్రవారానికి నిశ్చయించారు.

"నాన్నా, నాకేం తినాలనుందో అడగవేం?" అంది నళిని మంచం మీద కాళ్ళు చాపుకుని.

"చెప్పు తల్లీ."

"అమ్మ చేసే కేకు. మామూలుది. ఏమీ ప్రత్యేకంగా వద్దు. మెత్తగా ఉండాలి."

మర్నాడు పొద్దున్నే భుజంగం వచ్చాడు. కొత్తగా వచ్చిన వ్యక్తి సామాన్లు చూడాలి కదా. పెట్టెలో దొరికిన జొన్నరొట్టెలూ వేరుసెనగ పొడీ మూటగట్టి లక్క ముద్ర వేశాడు. లేచి వెళ్ళబోతూ నళిని వైపు చూశాడు. మరోసారి చూశాడు. సంచీలోంచి నిబంధనల పుస్తకం తీశాడు.

"అమ్మాయి గారు ఈ ఊళ్ళో ఎన్నాళ్ళు పెరిగారండి?"

"ఇరవై నాలుగేళ్ళు," అన్నారు మాస్టారు.

"అయితే ఆవిడకి ఇబ్బంది లేదు. ఆవిడ స్థానికురాలే." గొంతు సవరించుకున్నాడు. "లోపలిది ఎక్కడ మొదలైందండి?"

"ఏమిటీ?" అంది నళిని.

"గర్భమండి. ఏడు నెలలూ కర్నూలు తిండే కదా. పద్నాలుగో నిబంధన ప్రకారం తల్లి మేసిన మేతను బట్టి..."

"నేను కోడినా?"

"కోడి అయితే సుళువయ్యేదమ్మా, ఇరవై ఒక్క రోజుల్లో అయిపోయేది," అన్నాడు భుజంగం నిజమైన విచారంతో. కాగితం మీద లెక్కేశాడు. "తొమ్మిది నెలల్లో ఏడు తుంగభద్ర నీళ్ళు. మిగిలిన రెండు నెలలూ మీరు మన చోడి సంకటే తిన్నా, శిశువు ఇరవై రెండు శాతానికి మించి స్థానికం కాదండి. సగం దాటాలి. అంటే... బుట్ట మనది, సరుకు పరాయిది."

నళిని పక్కనున్న దిండు తీసి అతని మీదికి విసిరింది. దిండులో దూది ఎక్కడిదో అడగబోయి భుజంగం మానుకున్నాడు.

"శుక్రవారం కేకు చోడిపిండితోనే చేస్తానులే భుజంగం," అన్నారు మాస్టారు మెల్లిగా. "రాయిలా ఉన్నా తింటుంది. ఇంక దీన్ని ఇక్కడితో వదిలెయ్యి."

"అది ఇంకా ప్రమాదమండి మాస్టారూ! స్థానిక కేకు పరాయి శిశువుకి చేరితే అది ఎగుమతండి. ఎగుమతికి అనుమతి కావాలి. అలాగని పరాయి మైదాతో చేస్తే దిగుమతి."

"మరి ఏం తినమంటావు దాన్ని?"

భుజంగం నిబంధనల పుస్తకం మరోసారి తిరగేశాడు. "నిబంధనలు తినొద్దన్లేదండి. తినడానికి వీలుపడేది మాత్రం ఏదీ చెప్పలేదు."

రెండో రోజున నోటీసు వచ్చింది. 'గర్భిణీ స్త్రీ తన జన్మగృహమున నివసించుటకు అభ్యంతరము లేదు. గర్భము మాత్రము మూడు దినములలోగా తుంగభద్రా పరీవాహక ప్రాంతమునకు తరలింపబడవలెను. లేనిచో సదరు గృహముతో పాటు సదరు వీధి యావత్తూ స్థానికేతరముగా పరిగణింపబడును.' డాక్టరమ్మ చీటీ పట్టుకుని మాస్టారు ఆఫీసుకి వెళితే, డాక్టరుగారి సలహా వైద్యపరమైనదనీ తమ ఉత్తర్వు ఆహారపరమైనదనీ, రెంటికీ వైరుధ్యం లేదనీ చెప్పి పంపేశారు.

అల్లుడు ఫోన్లో, "కారు మాట్లాడుకుని రమ్మంటారా మామయ్యగారూ?" అన్నాడు. వచ్చి అతను చేసేదేమీ లేదు. పంపడానికి అసలే వీల్లేదు. ఆ రాత్రి నళిని పాదాల వాపు మీద వేలితో నొక్కి చూస్తే పడిన గుంట చాలాసేపటికి గాని పూడలేదు.

పొద్దున్నే గోడ మీంచి మంగతాయారు గారి తల లేచింది.

"మాస్టారూ, మీ పిల్ల నా పిల్ల లాంటిదే. నా చేతుల్లో పెరిగింది. కానీ కాలవ సంగతి చూడాలి కదండీ! ఒక్క ఇంటి మూలంగా యాభై ఇళ్ళు కంపులో ఉండాలా?"

"అమ్మాయిని బస్సెక్కిస్తే ప్రమాదం అన్నారండీ."

"ఆయ్, నాకు మాత్రం జాలి లేదా? ఓ నెల పోయాక మళ్ళీ తెచ్చుకుందురు గాని. కాలవ ఇప్పుడు పోతే మళ్ళీ రాదు."

ఆయన ఆవిడ మీద కోపం తెచ్చుకోలేకపోయారు. రెండుసార్లు ఆ కాలవలో పడిన మనిషి ఆవిడ. కమలిని ఆస్పత్రిలో ఉన్న పదహారు రోజులూ ఆవిడే కేరియర్ మోసింది. అదీ ఆ కాలవ దాటుకుంటూనే.

మాస్టారు పెట్టుకున్న విన్నపం మీద గురువారం పదకొండు గంటలకి విచారణ. సమావేశ మందిరంలో చైర్మన్ గారి కుర్చీ చుట్టూ నేల మీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో 'సున్నా కి.మీ.' అని రాశారు. ఆ గీత లోపలికి కాలు పెట్టకుండా అందరూ అంచున తిరుగుతున్నారు. నళినికి ఒక స్టూలు వేశారు. మాస్టారు పక్కన నిలబడ్డారు. వీధి తరపున సాక్ష్యం చెప్పడానికి మంగతాయారు గారు పట్టుచీర కట్టుకుని వచ్చింది.

చైర్మన్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మాస్టారూ, మీరంటే మాకు గౌరవం. మీ ఇంటి కేకు నా మనవడి తొట్టిలవేడుకలో కూడా తిన్నాను. కానీ నేల ముందు, వ్యక్తులు తర్వాత. ఇవాళ ఒక గర్భాన్ని వదిలేస్తే రేపు పది గర్భాలు వస్తాయి."

"వస్తాయండి," అన్నారు మాస్టారు. "పుట్టిళ్ళు ఉన్నంత కాలం వస్తూనే ఉంటాయి. అమ్మాయి ప్రయాణం చెయ్యలేదు. నేను అడిగేది అదొక్కటే. ఆ కేకూ వద్దు, సీమంతమూ వద్దు. దాన్ని మా ఇంట్లో ఉండనివ్వండి."

ఆయన గొంతు ఎక్కడా పైకి లేవలేదు. నళిని తండ్రి చొక్కా అంచు పట్టుకుంది.

"ఉండనివ్వకపోవడమేముంది? ఆవిడ ఉండొచ్చు," అన్నారు చైర్మన్ గారు ఉదారంగా.

"అధ్యక్షా," అని భుజంగం లేచి పద్నాలుగో నిబంధన చదివాడు. సాక్షిని పిలిచాడు.

మంగతాయారు గారు కొంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చింది. "నా మాట అడిగితే, రూలంటే రూలేనండి. ఒకరికో రూలు, ఒకరికో రూలు అంటే ఎలాగండి? అత్తారింట మోసిన కడుపు అత్తారూరిదే. మా వీధిలో అందరికీ తెల్సిన సంగతే ఇది. అంతెందుకు, చైర్మన్ గారి సంగతే తీస్కోండి."

చైర్మన్ గారు నవ్వారు. "నాకేమిటమ్మా? నేను ఈ ఊళ్ళోనే పుట్టాను."

"పుట్టారండి, ఎవరు కాదన్నారు? మా ఇంటికి రెండిళ్ళవతల, మీ అమ్మమ్మగారింట్లో. నాకప్పుడు పదేళ్ళు. వేణ్ణీళ్ళు మోసింది నేనే. మీ అమ్మ సుబ్బలచ్చమ్మ గారు అత్తారింటి నుంచి ఎప్పుడొచ్చారు? తొమ్మిదో నెల పెట్టాక! ఎనిమిది నెల్లూ కొత్తమెరకలో, సముద్రం ఒడ్డున, చేపలూ రొయ్యలూ తిన్నారు. బండి దిగడంతోనే 'ఓ పిల్లా, ఈ ఊళ్ళో చేపలు దొరకవంటే' అని అడిగారు. మీరు వారానికల్లా పుట్టేశారు. మరి తమరు కొత్తమెరక సరుకే కదండీ? రూలు తమరికి పెట్టిందే ఈ పిల్లకీ పెట్టమంటున్నాను నేను. తప్పుంటే చెప్పండి."

ఆవిడ పురపాలక సంఘానికి సాయం చేస్తున్నాననే అనుకుంది. భుజంగం అలవాటు కొద్దీ కాగితం తీసి లెక్కేశాడు. తల ఎత్తేసరికి అతని మొహం పాలిపోయి ఉంది.

"ఎనభై తొమ్మిది శాతం అండి," అన్నాడు నూతిలోంచి వచ్చినట్టు. "కొత్తమెరక ముప్ఫై ఎనిమిదో కిలోమీటరు."

అందరూ సుద్దగీత వైపు చూశారు. సున్నా కిలోమీటరు మీద కూర్చున్న మనిషి పరాయివాడని తేలితే, ఆ కుర్చీ నుంచి కొలిచిన వంకాయల గతేమిటి? కోళ్ళ గతేమిటి? ఒక సభ్యుడు చైర్మన్ గారిని కూడా ఇరవై ఒక్క రోజులు షెడ్డులో ఉంచితే సరిపోతుందేమో అన్నాడు. అతన్ని పక్కవాళ్ళు కూర్చోబెట్టారు. విచారణ వాయిదా వేసి తలుపులు మూసి నాలుగు గంటలు చర్చించారు. బయట బల్ల మీద నళిని తండ్రి భుజానికి తల ఆనించి నిద్రపోయింది. ఎవరో అటెండరు చప్పుడు చెయ్యకుండా ఒక స్టూలు తెచ్చి ఆమె కాళ్ళ కింద పెట్టి వెళ్ళాడు.

తీర్మానాన్ని రద్దు చేస్తారని మాస్టారు ఆశపడ్డారు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు మొక్కల గురించి పాఠాలు చెప్పారు, ఆఫీసుల గురించి ఆయనకేమీ తెలీదు. వేసిన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటే తప్పు చేసినట్టవుతుంది. కాబట్టి ఇలా నిర్ణయించారు: చైర్మన్ పరాయివారు కావడం అసంభవం. అందుచేత చైర్మన్ ఎక్కడివారో అదే స్థానికం. అందుచేత సున్నా కిలోమీటరు తక్షణం కొత్తమెరక సముద్రపొడ్డుకి మారుతుంది. 'ఇది కేంద్రబిందువు యొక్క సాంకేతిక స్థానచలనము మాత్రమే. తీర్మానస్ఫూర్తికి ఎట్టి భంగమూ లేదు,' అని భుజంగం చదివాడు.

కొత్త వృత్తంలో సగం సముద్రం. గన్నేరుపాడు దాని అంచుకి పద్నాలుగు కిలోమీటర్ల అవతల పడింది. చైర్మన్ గారి అరటితోట మాత్రం అప్పుడూ లోపలే, ఇప్పుడూ లోపలే.

అలా ఆ సాయంత్రానికి ఊరు ఊరంతా పరాయిదైపోయింది. ఊరి పొలిమేరలో కాసిన వంకాయలు లారీ ఎక్కి, కొత్తమెరక వెళ్ళి, ముద్ర వేయించుకుని, సముద్రం చూసి తిరిగిరావడం మొదలుపెట్టాయి. ఉప్పుకి స్వాతంత్ర్యం వచ్చింది. కోళ్ళని ఏం చెయ్యాలో తోచక షెడ్డు తలుపు తీసి వదిలేశారు. సూరీడమ్మ తన వాటిని రంగుని బట్టి ఏరుకుంది. ఎవరో రెండు ఎక్కువ ఏరుకుందని అన్నారు గాని ఆవిడ వినిపించుకోలేదు.

మురుగుకాలువ గురించి మంగతాయారు గారు మర్నాడు ఆఫీసు తలుపు తీస్తూనే వెళ్ళింది. స్థానిక వీధికే కాలువ అనీ, ప్రస్తుతం ఆ వీధి స్థానిక పరిధిలో లేదనీ, వృత్తం ఎప్పుడైనా ఇటు జరిగితే పరిశీలిస్తామనీ చెప్పారు. ఆవిడ తిన్నగా మాస్టారి ఇంటికి వచ్చి, వంటింట్లో పీట మీద కూలబడింది.

"నా నోరే నాకు శత్రువండి మాస్టారూ! సుబ్బలచ్చమ్మ గారి మాట ఎత్తకుండా ఉంటే కాలవ వచ్చేది."

"మీరు ఎత్తబట్టే అమ్మాయి ఉందండి," అన్నారు మాస్టారు.

"అదీ నిజమేలెండి." ఆవిడ ముక్కు చీదుకుని, "ఆ పిండి ఇలా ఇవ్వండి, మీరు కలపడం చూడలేకపోతున్నాను. కమలిని ఇలాగే కలిపేదా ఏంటి? ఒకే వైపుకి తిప్పాలి," అంది.

నళిని గురించిన కాగితం అప్పటికే వచ్చేసింది. భుజంగమే తెచ్చి ఇచ్చాడు. 'స్థానికేతర ప్రాంతమున స్థానికేతర శిశువు వసించుటకు ఎట్టి అభ్యంతరమునూ లేదు. ఉభయులూ పరాయివారే గనక మైదా వాడుక నేరము కాదు.' కాగితం ఇచ్చి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అతన్ని కొత్తమెరకకి బదిలీ చేశారట. పోటు వచ్చినప్పుడల్లా సున్నా కిలోమీటరు నీళ్ళలో మునుగుతోంది. అది ఎంతసేపు స్థానికమో, ఎంతసేపు సముద్రమో చూసి రోజూ నివేదిక పంపాలి.

"ఈత వచ్చా భుజంగం?" అని అడిగారు మాస్టారు.

"రాదండి. మోకాలి లోతు వరకూ కొలుస్తాను," అన్నాడు అతను.

ఆ శుక్రవారం సాయంత్రమే సీమంతం జరిగింది. గాజులు వేశారు, చలిమిడి పెట్టారు, మంగతాయారు గారు పాటలు పాడింది. అన్నీ పాత పాటలే, సగం చరణాలు మరిచిపోయింది. మైదాతో, సోడాతో, ఉప్పు పలుకుతో చేసిన కేకు ఇసుక గిన్నెలోంచి కాస్త ఓరగా పొంగి వచ్చింది. ఒకవైపు కొంచెం మాడింది. నళిని వేలితో నొక్కి చూసింది. లోపలికి దిగి మళ్ళీ పైకి లేచింది.

"మెత్తగా ఉంది నాన్నా," అంది. మూడు ముక్కలు తిని, నాలుగోదాన్ని అమ్మ ఫొటో ముందు పెట్టబోయి, ఆగి, అది కూడా తినేసింది.

పేరంటాళ్ళు వెళ్ళిపోయారు. చీకటి పడింది. డాక్టరమ్మ వచ్చి రక్తపోటు చూసి, తగ్గిందని చెప్పి, ఒక ముక్క పొట్లం కట్టించుకుని వెళ్ళింది. నళిని ముందుగదిలో చేతులనిండా గాజులతో ఒక పక్కకి ఒత్తిగిలి నిద్రపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఒకటి రెండు గాజులు చిన్నగా మోగుతున్నాయి. వీధిలో మురుగుకాలువ దగ్గర దోమలు జోరుగా లేచాయి. మాస్టారు దుప్పటి ఆమె పాదాల మీదికి లాగి, లైటు తీసి, గాజులు మోగినంత చప్పుడు కూడా కాకుండా తలుపు దగ్గరగా వేశారు.